పగడమును చూచి వచ్చినవారు



మన పల్లెలలో పగడము నెఱుగనివారు లేరు. పుస్తెలతాటికి పగడములు గ్రుచ్చుట, పసిబిడ్డకు పగడపుపూస కట్టుట, కుజగ్రహశాంతికి పగడపుటుంగరము పెట్టుకొనుట తరతరములుగా వచ్చుచున్న వాడుక. నవరత్నములలో దానికి స్థానము కలదు. అయినను, ఈ పూస యెక్కడ పుట్టినది? చెట్టున కాచినదా, గనిలో దొరకినదా, ఏదైన ప్రాణి దేహమా? అని పిల్లవాడడిగినచో తడుముకొనక బదులు చెప్పగలవారు కొలదిమంది. ఇందు సిగ్గుపడవలసిన దేమియు లేదు. లోకములోని గొప్ప పండితులే శతాబ్దముల తరబడి దీనిని చెట్టని తలచిరి. ఆ భ్రమ యెట్లు తొలగినది, దానిని తొలగించుటకు ఎవరు ఏ సముద్రమునకు పోయిరి, ఆ చరిత్రమునకును మన బిడ్డల చదువునకును సంబంధమేమి అనునదియే నేటి నా ప్రసంగము.

ముందుగా పేరును విచారింతము. అమరకోశము వల్లించినవారికి విద్రుమము, ప్రవాళము అను పేళ్ళు పరిచితములే. ద్రుమమనగా వృక్షము. ప్రవాళమునకు లేతచిగురనియు నర్థము కలదు. కొమ్మలు సాగి, చిగురువలె ఎఱ్ఱనై యుండుటచేతనే దానికి ఆ పేళ్ళు తగియున్నవి. పాశ్చాత్యులదియు ఇదే తలంపు. రోమనుకవి ఓవిడు, పగడము నీటిలో నున్నంతవఱకు మెత్తని మొక్కయనియు, గాలి సోకగానే రాయి యగుననియు తన కావ్యమున చెప్పెను. క్రీ.శ. 79లో మరణించిన ప్లినీ యను రోమను గ్రంథకర్త, భారతదేశపు ముత్యములు తమవారికెంత ప్రియమో, పగడము భారతీయులకంత ప్రియమని వ్రాసెను.

ఆ ప్రియము గొప్ప వర్తకమునకు దారితీసెను. నగలకు పనికివచ్చు ఎఱ్ఱపగడము విశేషముగా మధ్యధరాసముద్రమున దొరకును. 17, 18 శతాబ్దములలో ఇటలీదేశపు లివోర్నో రేవునందలి యూదువర్తకులు పగడమును లండనుకు పంపగా, అచ్చటినుండి అది ఈస్టిండియా కంపెనీవారి యోడలలో మద్రాసు చేరెడిది. దానికి బదులుగా వజ్రములు పడమటికి పోయెడివి. కృష్ణాతీరమున కొల్లూరు మొదలగుచోట్ల త్రవ్విన గోలకొండ వజ్రములకు ఆనాడు లోకమంతట ప్రసిద్ధి. ఇంత బేరము జరిగినను, అమ్మినవారును కొన్నవారును చూచినది ఎండిన కొమ్మనే. బ్రతికియున్న పగడమును చూచినవారు సముద్రములో వలలువేసి దానిని లాగు పల్లెవారు మాత్రమే. వారి మాటను అడిగిన పండితులు లేరు.

మన తెలుగుతీరమున పగడపుదిబ్బలు పెరుగకపోవుటకు కారణము కలదు. దిబ్బలు కట్టు పగడములకు వెచ్చని తేటనీరు, సూర్యుని వెలుతురు, తగినంత ఉప్పదనము కావలెను. కృష్ణా గోదావరులు ఏటేట తెచ్చు మంచినీరును ఒండ్రును మన పైరులకు ప్రాణమిచ్చునుగాని, ఆ పగడములకు ఊపిరాడనీయవు. కావున మనకు పగడము పూసగానే తెలిసినది.

ఇక భ్రమ తొలగిన కథ. 1706వ సంవత్సరమున మార్సిలీ యను ఇటలీదేశపు ప్రభువు ఫ్రాన్సు దక్షిణతీరమున అప్పుడే తీసిన పగడపుకొమ్మలను సముద్రపునీటిపాత్రలో నుంచి చూచెను. కొంతసేపటికి కొమ్మమీద తెల్లని చిన్నచిన్న పువ్వులు విచ్చుకొనెను. ఒక్కొక్కదానికి ఎనిమిది రేకులు. నీటినుండి తీసిన ముడుచుకొనెను, మరల నుంచిన విచ్చుకొనెను. పువ్వు కనబడెను గనుక ఇది చెట్టే యని ఆయన నిశ్చయించెను. కన్నులార చూచియు పాత తలంపుతోనే చూచుటచేత త్రాటియందు పామును చూచినట్లయ్యెను. ప్రత్యక్షము ప్రమాణములలో మొదటిదే. కాని మరల మరల పరీక్షింపని ప్రత్యక్షము భ్రాంతికి తావిచ్చునని మన తార్కికులు చెప్పుచుందురుగదా.

ఆ పరీక్ష చేసినవాడు పెయ్సొనెల్ అను వైద్యుడు. మార్సేల్సు పట్టణపువాడు. ఆయన 1723 మొదలు కొన్నియేండ్లు తన యూరి తీరమునను, ఆఫ్రికా ఉత్తరతీరమునను పగడము తీయు జాలరులతోగూడ తిరిగి, ఆ పువ్వులను బ్రతికియుండగా చూచెను. రేకులని తలచినవి కదలుచున్నవి. తాకిన ముడుచుకొనుచున్నవి. అవి పువ్వులు కావు, చిన్న ప్రాణుల చేతులు. కొమ్మ ఆ ప్రాణులు కట్టుకొన్న ఇల్లు అని ఆయన తేల్చెను. ఈ మాటను పారిసు విద్వత్పరిషత్తునకు వ్రాసి పంపగా, అచ్చటి మహాపండితుడు రియోమూర్ దానిని 1727లో చదివి వినిపించుచు, వ్రాసినవాని పేరు చెప్పలేదు. ఇంత వెఱ్ఱిమాట వ్రాసినవానికి నగుబాటు కలుగకుండ కాపాడవలెనని ఆయన దయతలచెను! 1740లో ట్రెంబ్లే యను నతడు చెఱువునీటిలో అట్టి చేతులుగల మరియొక చిన్నప్రాణిని కనుగొనిన పిమ్మట గాని పండితులు దిగిరాలేదు. అప్పటికి పెయ్సొనెల్ అట్లాంటిక్ మహాసముద్రము దాటి గ్వాడెలూప్ ద్వీపమున వైద్యము చేసికొనుచుండెను. 1751లో ఆయన తన గ్రంథమును లండను రాయల్ సొసైటీకి పంపెను. సత్యము గెలిచెను, కాని పాతికయేండ్లు పట్టెను.

పగడమనునది ప్రాణియని తేలిన తరువాత రెండవ ప్రశ్న బయలుదేరెను. ఉష్ణమండలపు సముద్రములలో నడుమ నీటిమడుగు, చుట్టును వలయమువంటి పగడపుదిబ్బ గల దీవులు అనేకములు కలవు. లోతైన సముద్రము నడుమ ఈ వలయమును ఎవరు గీసిరి? ఈ ప్రశ్నకు బదులు చెప్పినవాడు చార్లెస్ డార్విన్. అగ్నిపర్వతపు దీవి కాలక్రమమున మెల్లమెల్లగా సముద్రములో దిగబడుచుండగా, దాని యొడ్డున నున్న పగడములు వెలుతురుకొఱకు పైపైకి కట్టుకొనుచు వచ్చును. తుదకు కొండ మునిగిపోవును, వలయము మిగులును. ఈ యూహ డార్వినునకు దక్షిణ అమెరికా పడమటితీరమున నున్నప్పుడే, ఒక్క పగడపుదిబ్బనైన చూడకమునుపే తోచెను. అయితే ఆయన ఊహతో తృప్తిపడలేదు. 1836 ఏప్రిలులో బీగిల్ ఓడ హిందూమహాసముద్రమందలి కీలింగ్ దీవులకు చేరినప్పుడు నీటిలో నడచి, బ్రతికియున్న పగడపుగుట్టలవఱకు పోయి చూచెను. ఓడ కప్తాను ఫిట్జ్‌రాయ్ సీసపుగుండు అడుగున క్రొవ్వు రాచి సముద్రములోనికి దింపించెను. పది బారల లోతువఱకు క్రొవ్వుమీద బ్రతికిన పగడముల అచ్చులు పడెను. లోతు పెరిగినకొలది అచ్చులు తగ్గి ఇసుక అంటుకొనెను. పగడము లోతున బ్రతుకదను మాట అట్లు చేతికి చిక్కెను. 1842లో డార్విన్ తన గ్రంథమును ప్రకటించెను. నూటపదియేండ్ల తరువాత, 1952లో, పసిఫిక్ మహాసముద్రమందలి ఎనివెటాక్ దీవిలో రంధ్రము తొలిచినప్పుడు 1,200 మీటర్లకుపైగా పగడపుసున్నపురాయి, దాని క్రింద అగ్నిపర్వతపురాయి కనబడెను.

మూడవ యాత్ర నా దృష్టిలో అన్నిటికంటె విద్యార్థులకు దగ్గఱది. ఆస్ట్రేలియా తూర్పుతీరమున గ్రేట్ బ్యారియర్ రీఫ్ అను మహాపగడపుదిబ్బల వరుస 2,300 కిలోమీటర్ల పొడవున నున్నది. 1928 జులై మొదలు ఒక సంవత్సరము మారిస్ యంగ్ అను ప్రాణిశాస్త్రజ్ఞుని నాయకత్వమున కొందఱు శాస్త్రజ్ఞులు అందలి లో ఐల్స్ అను చిన్నదీవిలో కాపురముండిరి. నాయకుని వయస్సు ఇరువదియెనిమిదేండ్లు. బృందమున స్త్రీలును ఉండిరి. వారిలో షీనా మార్షల్, సిడ్నీ మాంటన్ వంటివారు తరువాత గొప్ప పేరు గడించిరి. వారు తలకు లోహపుటోపి తగిలించుకొని నీటిలో దిగిరి. పగడము ఏమి తినును, ఎంత పెరుగును, ఎంత వేడిమి సహించును అని పరీక్షించిరి. పగడపుప్రాణి దేహములో కంటికి కనబడని సూక్ష్మమైన నాచుమొక్కలు వసించును. పగడపుదిబ్బల రంగులలో పెక్కు వానివలననే. ఎండవెలుతురులో ఆ మొక్కలు వండుకొను ఆహారములో చాలభాగము ప్రాణికి చేరునని తరువాతి పరిశోధకులు తేల్చిరి. ఒకరికొకరు ఆధారము, ఇంటివాడు నీడనిచ్చును, ఇంటనున్నవాడు అన్నము పెట్టును. అయితే నీరు అతిగా వేడెక్కినచో ప్రాణి ఆ మొక్కలను బయటికి వెడలించునని యంగ్, ఆయన సహచరుడు 1931లో ప్రకటించిరి. ఈ చిన్నమాట గుర్తుంచుకొనుడు. దీని ఫలమును నేటివారు అనుభవించుచున్నారు.

నేడు పగడమును చూచుటకు లోహపుటోపియు ఓడయు అక్కఱలేదు. కన్నులను ముక్కును కప్పు అద్దపుముసుగు, నోట కఱచుకొను ఊపిరిగొట్టము చాలును. దీనిని స్నార్కెల్ అందురు. బోర్ల పరుండి నీటిపై తేలుచు క్రిందనున్నదంతయు చూడవచ్చును. ఇదియు పూర్తిగా క్రొత్తది కాదు. నీటిలో దిగువారు ఊపిరికై వాడు సాధనమును గ్రీకుపండితుడు అరిస్టాటిల్ ఏనుగుతొండముతో పోల్చియున్నాడు. ఏనుగు నదిని దాటునప్పుడు తొండమును పైకెత్తి ఊపిరి పీల్చుట మనమెఱిగినదే.

మన దేశమునను చూడదగిన తావులున్నవి. రామేశ్వరము మొదలు తూత్తుక్కుడి వఱకు మన్నారు సింధుశాఖలో చిన్నదీవుల వరుస కలదు. అందు కృసదై దీవి జీవరాశులనుగూర్చి మద్రాసు మ్యూజియమువారు 1927లోనే గ్రంథము ప్రకటించిరి. కాని అదే సముద్రమున సున్నపుబట్టీలకొఱకు, కర్మాగారములకొఱకు అనేక దశాబ్దములు పగడపురాయి త్రవ్వితీసిరి. తమలపాకునకు రాచు సున్నమునకును పగడమునకును మూలద్రవ్యమొక్కటే గదా. ఫలముగా ఇరువదియొక్క దీవులలో రెండు నీట మునిగెను. 1986లో ప్రభుత్వము ఆ దీవులను జాతీయవనముగా ప్రకటించెను. 2001లో పగడములను వన్యప్రాణిరక్షణ చట్టముక్రిందికి తెచ్చెను. అండమానులో వండూరుకడ 1983లో అట్టి సముద్రవనము ఏర్పడెను. ఆ దీవులలో మన తెలుగుకుటుంబములు పెక్కు స్థిరపడియున్నవి. అద్దపుటడుగుగల పడవలలో కూర్చుండియు అచ్చట పగడములను చూడవచ్చును.

అయితే చూచుటకు కాలము తఱుగుచున్నది. సముద్రము వేడెక్కుటచే పగడములు లోని నాచును విడిచి తెల్లబోవుచున్నవి. నీరు త్వరగా చల్లబడినచో మరల కోలుకొనును; లేనిచో ఆకలితో చచ్చును. 1998లో లోకమంతట ఈ వ్యాధి కనబడెను. మన అండమాను, లక్షద్వీప, మన్నారు పగడములును నష్టపడెను. 2016లో గ్రేట్ బ్యారియర్ రీఫ్‌నందు తక్కువలోతు పగడములలో నూటికి సుమారు 30 వంతులు నశించెను. లోకవ్యాప్తమైన నాలుగవ తెల్లబాటు వచ్చినదని 2024 ఏప్రిలులో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. గుండ్రని బండపగడము ఏటికి ఇంచుమించు ఒక సెంటిమీటరు మాత్రమే పెరుగును. పదేండ్ల పిల్లవాని యెత్తున్న బండకు మన ముత్తాతలనాటి వయస్సుండును. అది ఒక్క వేసవిలో పోవచ్చును.

ఇప్పుడు పెద్దలగు మీకు నా మనవి. బడినుండి పిల్లలను సముద్రమునకు తీసికొనిపోవుదుమని ఉపాధ్యాయుడు వచ్చి అడిగినచో, “పుస్తకమున బొమ్మ యున్నదికదా, ఇంతదూరము ఏల?” అని సహజముగా తోచును. పెయ్సొనెల్ జాలరులవెంట పోనిచో పగడము నేటికిని చెట్టుగానే యుండెడిదేమో. ఆడపిల్లను పంపుటకు సందేహించువారు 1928లో ఆ దీవిలో ఏడాది పనిచేసిన స్త్రీలను తలచుకొందురు గాక. కావున కాదనక, మూడు ప్రశ్నలు మాత్రమడుగుడు. పిల్లలకు ముందుగా ఈత నేర్పితిరా, తేలించు చొక్కాయులు, సముద్రమెఱిగిన తోడు కలదా? పగడముమీద నిలువరాదు, దానిని తాకరాదు, ముక్కయైనను ఇంటికి తేరాదు అని చెప్పితిరా? తిరిగివచ్చిన పిమ్మట పిల్లలు తాము చూచినది తమ మాటలలో వ్రాయుదురా? మూడింటికిని ఔనని బదులు వచ్చినచో నిర్భయముగా పంపుడు.

వారు వచ్చిన తరువాత దగ్గఱ కూర్చుండబెట్టుకొని, ఏమి చూచితివని అడిగి వినుడు. పగడము విద్రుమమని మనము వారికి చెప్పియుంటిమి. అది ప్రాణియని వారు మనకు చెప్పుదురు. ఆ మాట విని, మెడలోని పూసను ఒకసారి చేతబట్టి చూడుడు.