ఇసుక గాలిలో లిలియన్ గిష్

'ది విండ్' సినిమాలో కిటికీ అద్దాన్ని ఇసుక కొడుతుంటే లెట్టీగా వేసిన లిలియన్ గిష్ కళ్ళు గదంతా పరుగెడతాయి. ఆ కళ్ళు చూస్తుంటేనే మన చెవుల్లో గాలి హోరెత్తుతుంది. మూకీ సినిమా చేరిన శిఖరాల్లో దీన్ని నేను మొదటి వరసలో పెడతాను.

ఆ కళ్ళ వెనక పదిహేనేళ్ల సాధన ఉంది. పసితనం నుంచే నాటకాల్లో వేషాలేసిన లిలియన్ గిష్, చెల్లెలు డొరొతీతో కలిసి 1912లో దర్శకుడు డి.డబ్ల్యు. గ్రిఫిత్ దగ్గర సినిమాల్లో అడుగుపెట్టింది. అప్పటికి తెరమీద ఎక్కువగా నాటకాల నటనే నడుస్తోంది: చేతులు చాచడం, గుండెలు బాదుకోవడం. కెమెరా దగ్గరికొచ్చాక అంత అక్కర్లేదని గిష్‌కి అర్థమైంది. 'బ్రోకెన్ బ్లాసమ్స్' (1919)లో గిష్ వేసిన పిల్లను తండ్రి నవ్వమని గద్దిస్తాడు. నవ్వు రాని ఆ పిల్ల రెండు వేళ్లతో పెదవుల చివర్లు పైకెత్తుతుంది. అంతే, మనకు ఊపిరాడదు.

మరుసటేడు 'వే డౌన్ ఈస్ట్'లో మంచుపలక మీద నదిలో కొట్టుకుపోయే ఘట్టం. చెయ్యీ జుట్టూ నీళ్లలోకి జారవిడవాలన్న ఆలోచన ఆమెదే. ఆ చేతి వేళ్లు జీవితాంతం నొప్పిపెట్టాయి.

'ది విండ్'కి డొరొతీ స్కార్‌బరో నవల ఆధారం. దర్శకుడు స్వీడన్‌వాడైన విక్టర్ షోస్ట్రోమ్. 1927లో మొహావీ ఎడారిలో తీశారు. విమానం ఇంజిన్లు పెట్టి ఇసుక రేపారు. ఎండకు ఫిల్ము పాడవకుండా ఐసులో దాచారు. తలుపు పిడి పట్టుకుంటే అరచెయ్యి కాలిందని గిష్ తర్వాత చెప్పింది. కథలో, తనను చెరిచినవాణ్ని కాల్చి చంపి, లెట్టీ ఇసుకలో పాతిపెడుతుంది. కిటికీలోంచి చూస్తుండగానే గాలి ఆ ఇసుకను కొంచెం కొంచెంగా తోసేస్తుంది, శవం బయటపడుతుంది. ఒక్క మాట లేదు. గిష్ ముఖంలో భయం పిచ్చిగా మారడం మాత్రం కనిపిస్తుంది.

1928 నవంబరులో సినిమా విడుదలయ్యేసరికి మాటలు వినిపించిన 'ది జాజ్ సింగర్' వచ్చి ఏడాది దాటింది. జనం టాకీల వైపు మళ్లారు. ఈ చిత్రానికీ సంగీతం, గాలి చప్పుడు అతికించారు. ఆ ముఖానికి అవి అక్కర్లేదని నా గట్టి నమ్మకం. సినిమా ఆడలేదు. సినిమా తీసిన ఎం.జి.ఎం. సంస్థతో ఆమె అనుబంధం తెగింది, గిష్ మళ్లీ నాటకాలకు వెళ్లింది.

1993 ఫిబ్రవరిలో, 99 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూసింది. ఆ ఏడాదే 'ది విండ్' అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలోకి ఎక్కింది.