చెరకు వెన్ను: కృష్ణా డెల్టాలో ఒక పంట చరిత్ర

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు చెరకును గింజతో కాక గడతో ఎందుకు నాటుతారో, ఆ పద్ధతి తెచ్చిన చిక్కు ఏమిటో, చెరకు పువ్వు ఆ చిక్కును ఎలా తీర్చిందో వివరించగలుగుతారు.

1. సాహిత్యంలో ఒక ఆధారం

సుమతీ శతకంలో పనికిరాని కొడుకును చెరకు చివర పుట్టిన వెన్నుతో పోల్చిన పద్యం మీరు చిన్నప్పుడే చదివి ఉంటారు. దానిని నీతిగానే కాక చారిత్రక ఆధారంగా కూడా చూడండి. పూత వచ్చిన చెరకును ఎక్కువ రోజులు పొలంలో ఉంచితే గడ బెండుబారి, చక్కెర తగ్గుతుంది. రైతుల ఈ అనుభవమే పద్యంలోకి ఎక్కింది. రైతుకు కావలసింది గడే కాబట్టి అతని దృష్టిలో పువ్వు నష్టం.

2. గడతో సాగు

విజయవాడ వద్ద కృష్ణా ఆనకట్ట నిర్మాణం 1852లో మొదలై 1855లో పూర్తయింది. కాలువ నీరు వరితో పాటు చెరకుకూ ఆధారమైంది. 1941లో ఉయ్యూరు చక్కెర కర్మాగారం కె.సి.పి. సంస్థ చేతికి వచ్చింది. ఊళ్ళలో బెల్లం వండే రైతులు ఇప్పుడు ఫ్యాక్టరీకి గడ తోలసాగారు.

నాటే పద్ధతి మాత్రం పాతదే. మూడు కళ్ళున్న ముచ్చెలను కాలువల్లో పరచి, మట్టి కప్పి, తడి ఇస్తారు. పెరట్లో నాలుగు గడలు పెంచాలనుకున్నా మీరు చేయవలసింది ఇదే. ముచ్చె నుంచి వచ్చిన మొక్క తల్లి గడకు అచ్చమైన నకలు. తీపి మారదు. కానీ తల్లికి ఏ తెగులు సోకుతుందో పిల్లకూ అదే సోకుతుంది.

19వ శతాబ్దం చివర గోదావరి డెల్టాలో ఎర్రకుళ్ళు తెగులు చెరకును దెబ్బతీసినప్పుడు ఈ ప్రమాదం బయటపడింది. తెగులు ముచ్చెల ద్వారానే ఒక పొలం నుంచి మరొక పొలానికి పాకింది. అందుకే 1902లో సామర్లకోటలో చెరకు పరిశోధన కేంద్రం ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడు సి.ఎ. బార్బర్ ఈ కృషికి నాయకుడు.

3. పువ్వు విలువ

చెరకు గింజ మొలకెత్తుతుందని 1880లలో జావా, బార్బడోస్ పరిశోధకులు నిరూపించారు. గింజ నుంచి వచ్చే ప్రతి మొక్కా భిన్నంగా ఉంటుంది. కొత్త రకం కావాలంటే ఆ భేదమే ఆధారం. 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం వెలిసింది. అక్కడ బార్బర్, టి.ఎస్. వెంకట్రామన్ తీపి చెరకును రెల్లుతో సంకరం చేశారు. కృష్ణా లంకల్లో తెల్లగా పూసే రెల్లు అదే. అది తీపి లేనిది, కానీ మొండిది. ఆ సంకరం నుంచి 1918లో కో 205 వచ్చింది. 1933లో వచ్చిన కో 419 దక్షిణాదిన విస్తరించింది.

చెరకులో పరాగసంపర్కం గాలి ద్వారా జరుగుతుంది. పుప్పొడి సరిగా లేని వెన్నును తల్లిగా ఎంచుకుంటారు. పుప్పొడి బాగా ఉన్న వెన్నును దానికి కొంచెం పైన ఉంచి, బయటి పుప్పొడి రాకుండా గుడ్డతో మరుగు కడతారు. నూగుతో కూడిన గింజ చాలా చిన్నది, త్వరగా మొలకశక్తి కోల్పోతుంది. పెరట్లో వెన్ను కనిపించినా గింజ కడుతుందన్న నమ్మకం లేదు. కోయంబత్తూరులో పూత బాగా వస్తుంది కనుక వివిధ రాష్ట్రాల కేంద్రాలు అక్కడ సంకరం చేసి, గింజను తమ నేలకు తెచ్చి ఎంపిక చేసుకుంటాయి.

ఉయ్యూరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన 83 వి 15, 2003 వి 46 రకాల పేర్లు గమనించండి. ముందున్న అంకె సంవత్సరాన్ని, ‘వి’ ఉయ్యూరును సూచిస్తాయి.

4. సారాంశం

గడ మంచి రకాన్ని నిలబెడుతుంది, పువ్వు కొత్త రకాన్ని ఇస్తుంది. శతకకారుడు పొలం గట్టు మీద నుంచి చూశాడు. ఆ చూపు తప్పు కాదు. అయితే ఆ వెన్నే లేకపోతే, తెగులు వచ్చిన ఏడాది రైతుకు నాటుకోవడానికి వేరే గడ ఉండేది కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ముచ్చెలతో సాగు వల్ల కలిగే లాభం, ప్రమాదం ఏమిటి?
2. కోయంబత్తూరు సంకరంలో రెల్లు పాత్రను వివరించండి.
3. మీ ప్రాంతపు సామెతలలో వ్యవసాయ జ్ఞానం దాగిన ఒకదానిని ఎంచుకొని చర్చించండి.