మోటుపల్లి అభయ శాసనాలు: సామ్రాజ్యం నుంచి సామంత రాజ్యానికి

మధ్యయుగాలలో ఒక పెద్ద రాజ్యం కూలిపోగానే దాని సామంతులు స్వతంత్రులు కావడం ఆంధ్రదేశానికే పరిమితమైన పరిణామం కాదు. 1355లో సెర్బియా చక్రవర్తి స్టెఫాన్ దుషాన్ మరణించిన తరువాత అల్బేనియాలో బాల్షా, థోపియా మొదలైన వంశాలు తమ తమ ప్రాంతాలకు ప్రభువులయ్యాయి. 1368లో కార్ల్ థోపియా అడ్రియాటిక్ తీరంలోని దుర్రెస్ రేవును స్వాధీనం చేసుకున్నాడు. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక తెలుగునాట జరిగినదీ ఇటువంటిదే. రాచకొండలో వెలమలు, అద్దంకిలో రెడ్లు రాజ్యాలు స్థాపించారు. ప్రోలయ వేమారెడ్డి సోదరుడు మల్లారెడ్డి మోటుపల్లిని జయించడంతో రెడ్లకు సముద్ర ద్వారం లభించింది.

వేటపాలేనికి దగ్గరలోని ఈ రేవులో రెండు కాలాల అభయ శాసనాలు ఉన్నాయి. వాటిని పక్కపక్కన ఉంచి చదివితే సామ్రాజ్యానికీ సామంత రాజ్యానికీ గల భేదం బోధపడుతుంది.

మొదటిది కాకతి గణపతిదేవునిది. శక సంవత్సరం 1166, అనగా క్రీ.శ. 1244-45. తుపానుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకును పూర్వరాజులు బలవంతంగా లాక్కొనేవారనీ, తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోననీ గణపతిదేవుడు ప్రకటించాడు. ఆ సుంకం ముప్పయ్యింట ఒక వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు వంటి సరుకులకు విడివిడిగా రేట్లు చెక్కించాడు. ఈ శాసనంలో వినిపించేది కరుణ చూపే సార్వభౌముని స్వరం. విడిచిపెడుతున్నది రాజు అప్పటివరకూ తనదనుకున్న హక్కు.

రెండవది అనపోతారెడ్డిది, 1358 నాటిది. ఇందులో వర్తకుని సరుకుతోపాటు వర్తకుడూ ముఖ్యుడే. స్థిరపడ వచ్చినవారికి భూమి ఇస్తామనీ, వెళ్లదలచినవారిని ఆపబోమనీ, సంతానం లేక మరణించినవారి ఆస్తిని రాజపరం చేసుకోబోమనీ హామీలున్నాయి. చందనంపై సుంకం కూడా తగ్గింది. నలువైపులా ప్రత్యర్థులున్న చిన్న రాజ్యానికి వర్తకుడు వేరొక రేవుకు తరలిపోవడమే నష్టం. కనుకనే ఇక్కడ కరుణ కంటే అవసరమే ఎక్కువగా పలికింది.

కుమారగిరిరెడ్డి కాలపు వర్తకుడు అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చాడు. కావ్యకృతిని అందుకొనే స్థానానికి సముద్ర వర్తకుడు ఎదగడం ఈ విధానం నాటిన బీజానికి ఫలమనవచ్చు. కొండవీటి రాజ్యాన్ని దుర్గాలు, దండయాత్రల చరిత్రగా మాత్రమే చూస్తే ఈ పార్శ్వం మరుగున పడుతుంది. ఆ రాజ్యపు బలంలో కొంత మోటుపల్లి ఇసుక తీరంలో, పరదేశి వర్తకునికి ఇచ్చిన మాటలో ఉన్నది.