ఒక సూక్ష్మజీవి కులగోత్రములు

పట్టణములలో కుళాయినీటికి ఎంత అలవాటుపడినను, సెలవులలో స్వగ్రామమునకు పోయిన తెలుగువానికి ఊరిచెరువు కనబడగానే ప్రాణము లేచివచ్చును. నోయిడాలో పుట్టి పెరిగిన పిల్లలకు ఆ నీటిలో మునుగుటయే పెద్ద వేడుక. అట్టి నీటితో ముడిపడిన ఒక చిన్న జీవి శాస్త్రజ్ఞులను దాదాపు నూరేండ్లు తికమకపెట్టినది. దాని పేరు రైనోస్పోరిడియమ్ సీబెరి.

ఈ జీవి మనుష్యుని ముక్కు లోపలిపొరలో చేరి, ఎఱ్ఱని మెత్తని కండను పెంచును. ముక్కు మూసుకొనిపోవుట, తఱచుగా రక్తము కారుట దాని లక్షణములు. కొందఱికి కంటిరెప్ప లోపలిపొరలోను ఇది పుట్టును. కండపై తెల్లని చుక్కలు కానవచ్చును. అవి ఆ జీవి పెరిగిన సంచులు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో సగమునకు కొంచెము తక్కువవఱకు పెరిగి, పగిలినప్పుడు వేలకొలది సూక్ష్మబీజములను వెదజల్లును. దక్షిణభారతమునను, శ్రీలంకలోను ఈ వ్యాధి అధికము.

దీనిని మొదట వివరించినవాడు భారతీయుడు కాడు. 1900లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరిస్‌లో గిలెర్మో సీబెర్ అను వైద్యవిద్యార్థి తన సిద్ధాంతవ్యాసమున దీనిని వర్ణించి, ఏకకణజంతువని తలచెను. 1903లో కలకత్తాలో ఓ కినీలీ ఇట్టి రోగినే వర్ణించెను. ఆ పదార్థమును పరిశీలించి 1905లో మించిన్, ఫాంథమ్ అను ఆంగ్లశాస్త్రజ్ఞులు ఆ జీవికి కినీలీ పేరు పెట్టిరి. 1914లో టి. ఎస్. తిరుమూర్తి ఈ విషయమై వ్యాసము ప్రకటించెను. 1923లో ఎడింబరోకు చెందిన ఆష్‌వర్త్ దాని జీవితక్రమమును సమగ్రముగా వివరించి, ఇది జంతువు కాదనియు, నీటిబూజులకు చేరినదనియు నిర్ణయించెను. సీబెర్ పేరే స్థిరపడినది.

అది మొదలు వైద్యగ్రంథములలో ఇది బూజువ్యాధిగా చెల్లుబాటయ్యెను. కాని బూజులను అణచు మందులకు ఇది లొంగలేదు. ప్రయోగశాలలో పెంచబోయినను పెరుగలేదు. చెరువులలో స్నానము చేయువారికిని, నదీగర్భమున మునిగి ఇసుక తీయువారికిని ఇది ఎక్కువగా వచ్చుట గమనించి, దీని నివాసము నీరేయని వైద్యులు ఊహించిరి.

1990 తరువాత వివాదము మరల రేగెను. ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థలో కర్వితా అహ్లూవాలియా, ఇది బూజు కాదనియు, చెరువులపై పచ్చగా తేలు మైక్రోసిస్టిస్ అను సూక్ష్మజీవియనియు వాదించెను. ఆ వాదము నిలువలేదు. 1999లో శ్రీలంకకు చెందిన శరత్ అర్సెకులరత్నె, అమెరికాలోని లియొనెల్ మెండోజా మున్నగువారు దాని జన్యుపదార్థమును పరీక్షించి, ఇది చేపలకు వ్యాధి కలిగించు కొన్ని ఏకకణజీవులకు దాయాది యని తేల్చిరి. మఱుసటి యేట మఱియొక అమెరికా బృందమును ఆ నిర్ణయమునకే వచ్చినది.

ఆ వర్గమునకు జీవలోకమున విశేషస్థానము కలదు. బూజులును, జంతువులును వేఱుపడిన పిదప, జంతువుల శాఖవైపున చీలిన ఏకకణజీవులలో ఇదియొకటి. ఆ శాఖలో జంతువులకు అత్యంత సమీపమైనవి, కంఠమునకు పట్టీ తొడిగినట్లుండు కోయనోఫ్లజెల్లేటులు. అవి స్పంజికల లోపలి కణములను పోలియున్నవని 1866లోనే జేమ్స్-క్లార్క్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు గుర్తించెను. అనగా, మన ముక్కులో దూరిన యీ జీవి బూజుకంటె మనకే దగ్గఱి జ్ఞాతి!

కులగోత్రములు తెలిసినంతనే రోగము కుదురలేదు. నేటికిని ప్రధానచికిత్స శస్త్రచికిత్సయే. కండను కోసి, మొదలు కాల్చవలెను. అట్లు చేసినను కొందఱికి తిరిగి పుట్టుచున్నది. అయినను తప్పుదారి యేదో తెలిసినది: బూజుమందులతో కాలము గడుపరాదు. ఇది మనుష్యునినుండి మనుష్యునికి అంటునది కాదు గనుక రోగిని దూరముంచ పనిలేదు. ముక్కునుండి పలుమాఱు రక్తము కారినచో వేడిచేసినదని ఊరకుండక వైద్యునికి చూపవలెను. ఆ రోగి చెరువుస్నానమునకు అలవాటుపడినవాడైనచో ఆ మాటయు వైద్యునికి తప్పక చెప్పవలెను.