ఒక చెట్టు, ఒక జత కొయ్య చెప్పులు

ఈసారి ఒక ఇటాలియన్ సినిమా గురించి రాస్తున్నాను. సినిమా కబుర్లే కదా అని దాటెయ్యకండి. పేదపిల్లవాడి చదువుకు ఎవరు ఎంత మూల్యం చెల్లించారన్న చరిత్ర ఇది.

ఆ సినిమా పేరు ‘ది ట్రీ ఆఫ్ వుడెన్ క్లాగ్స్’. తీసింది ఎర్మాన్నో ఓల్మీ. 1978లో కాన్ ఫెస్టివల్‌లో పామ్ దోర్ గెలుచుకుంది. మూడు గంటలకు పైగా నడుస్తుంది. 2017లో క్రైటీరియన్ సంస్థ దీన్ని 4కె పునరుద్ధరణతో బ్లూరే, డీవీడీలుగా తెచ్చింది. ఆ డిస్క్‌లో రెండు సౌండ్‌ట్రాక్‌లున్నాయి. ఒకటి ఇటాలియన్. రెండోది బెర్గామో ప్రాంతపు రైతుల సొంత భాష. సినిమాలో నటించినవాళ్ళు కూడా ఆ ప్రాంతపు రైతులూ పల్లె జనమే, వృత్తి నటులు కారు. వాళ్ళ భాష ఇటలీలోనే చాలామందికి అర్థం కాదు. అయినా ఓల్మీ దాన్ని వదులుకోలేదు. చూసేటప్పుడు ఆ రెండో ట్రాకే పెట్టుకోండి.

కథాకాలం 1897-98. ఒకే వాకిలి చుట్టూ కొన్ని కుటుంబాలు. సినిమా మొదట్లోనే తెర మీద ఒక లెక్క కనిపిస్తుంది: ఇల్లు దొరది, కొట్టం దొరది, భూమి దొరది, చెట్లు దొరవి, పశువుల్లోనూ పనిముట్లలోనూ కొంత దొరది. పంటలో మూడింట రెండు వంతులు దొరకే. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. కథంతా ఇందులోనే ఉంది.

బతిస్తీ అనే రైతు కొడుకు మినెక్. చురుకైన పిల్లవాడు, బడికి పంపమని ఊరి పాదిరీ పట్టుబడతాడు. తండ్రికి ఇష్టం లేదు. ఇంట్లో పనికి చేతులు కావాలి, బడి చూస్తే మైళ్ళ దూరం. చివరికి పంపుతాడు. ఒకరోజు బడి నుంచి వస్తుంటే పిల్లవాడి కొయ్య చెప్పు పగిలిపోతుంది. ఒక కాలికి చెప్పు లేకుండానే ఇల్లు చేరతాడు. కొత్తది కొనే స్తోమత తండ్రికి లేదు. చీకటిపడ్డాక కాలవ గట్టున ఒక చెట్టు నరికి, ఎవరికీ తెలియకుండా ఇంట్లో కూర్చుని చెప్పు చెక్కుతాడు. చెట్టు దొరది. మొద్దు దొర కంటపడుతుంది. కుటుంబం మొత్తాన్ని పొమ్మంటారు.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఇటలీలో పిల్లలందరూ బడికి వెళ్ళాలన్న చట్టం అప్పటికే ఉంది. 1877 నాటి కొప్పీనో చట్టం ఆరు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు చదువు తప్పనిసరి చేసింది. మినెక్ బడికి వెళ్ళడం చట్టం చెప్పిన పనే. అయితే బడిదాకా నడవడానికి కావలసిన చెప్పును ఆ చట్టం ఇవ్వలేదు. చెప్పు చెయ్యడానికి కావలసిన చెక్క దొర చేతిలో ఉంది. హక్కు కాగితం మీద, చెట్టు దొర పేరు మీద.

దాదాపు అవే ఏళ్ళలో మన దేశంలో, సతారాలో, ఒక పిల్లవాడు ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకుని తరగతిలో ఒక మూలన విడిగా కూర్చునేవాడు. ఆ పిల్లవాడు అంబేద్కర్. ఇద్దరి కథా ఒకటే అని నేననను. మినెక్‌ను తరగతిలో ఎవరూ అంటరానివాడని విడిగా కూర్చోబెట్టలేదు. అతన్ని ఆపింది ఆస్తి. ఇక్కడ ఆపడానికి ఆస్తికి కులం కూడా తోడైంది. ఈ తేడా చెరిపేసి పోలిక చెబితే అది అబద్ధమవుతుంది.

ఈ సినిమాలో తిరుగుబాటు లేదని అప్పట్లో కొందరు వామపక్ష విమర్శకులు ఓల్మీని తప్పుపట్టారు. తిరుగుబాటు పక్కనే జరుగుతోంది. పెళ్ళైన కొత్త జంట పడవలో మిలాన్ వెళ్తే, అక్కడ సైనికులు పట్టుకుపోతున్న నిరసనకారులు కనిపిస్తారు. 1898 మేలో రొట్టె ధర పెరిగి మిలాన్ జనం వీధుల్లోకి వచ్చారు. జనరల్ బావా బెక్కారిస్ వాళ్ళ మీద ఫిరంగులు పేల్పించాడు. ప్రభుత్వ లెక్కల్లోనే చనిపోయినవాళ్ళు ఎనభైమంది. రాజు ఉంబెర్తో ఆ జనరల్‌కు పతకం ఇచ్చాడు. రెండేళ్ళ తర్వాత, 1900 జూలైలో, గయెతానో బ్రెస్కీ అనే అరాచకవాది ఆ రాజును కాల్చి చంపాడు.

మరి ఊళ్ళో? బతిస్తీ సామాను బండికెత్తుతుంటే ఇరుగుపొరుగు కిటికీల వెనకనుంచి చూస్తారు. బండి కదిలి వెళ్ళిపోయాకే బయటికొస్తారు. వాళ్ళను పిరికివాళ్ళని తిట్టుకునే ముందు సినిమా మొదట్లోని లెక్కను మళ్ళీ చదవండి. వాళ్ళు నిలబడ్డ ఇల్లు కూడా దొరదే. నోరు విప్పితే మర్నాడు ఇంకో బండి కదులుతుంది. ఆ మౌనానికి కారణం ఆ మొదటి లెక్కలోనే ఉంది.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. ఉచిత విద్య అని ఎవరైనా అన్నప్పుడు ఫీజు ఒక్కటే లెక్కేసుకుని ఊరుకోకండి. బడిదాకా దారి, కాళ్ళకు చెప్పులు, కడుపుకు తిండి, పిల్లవాడు బడికెళ్తే ఇంట్లో ఆగిపోయే పని, అన్నీ లెక్కలోకి రావాలి. హాస్టల్, స్కాలర్‌షిప్ అడిగేది దయ కోసం కాదు, చట్టం ఇవ్వకుండా వదిలేసిన ఆ చెప్పు కోసం.

హాస్టల్ గదిలో నలుగురూ కూర్చుని ఈ సినిమా చూడండి. కిటికీల దగ్గర ఆపి మాట్లాడుకోండి.