డెస్క్‌టాప్ ప్రోగ్రామింగ్‌లో ఫారం కంట్రోళ్ల వారసత్వం: చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

డెస్క్‌టాప్ అప్లికేషన్ రూపొందించే ప్రోగ్రామర్‌కు టెక్స్ట్‌బాక్స్, బటన్, లిస్ట్‌బాక్స్ వంటి కంట్రోళ్లు సిద్ధంగా లభిస్తాయి. అవి తన అవసరానికి చాలనప్పుడు కొత్త కంట్రోల్‌ను మొదటినుంచి నిర్మించాలా, ఉన్నదానికే కొత్త గుణాన్ని చేర్చాలా అన్న ప్రశ్న ఎదురవుతుంది. రెండవ మార్గానికి ఆధారం వారసత్వం. ఉన్న క్లాసు లక్షణాలను స్వీకరించి, కావలసిన చోట మాత్రమే మార్పు చేసే ఉత్పన్న క్లాసును రాయడమే ఈ పద్ధతి. ఇది ఎలా రూపొందిందో, దీని శక్తి ఎక్కడ ఆగుతుందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. తొలి దశ

వారసత్వ భావన మూలాలు సిమ్యులేషన్ పరిశోధనలో ఉన్నాయి. ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలే-యోహాన్ దాల్, క్రిస్టెన్ నైగార్డ్ రూపొందించిన సిములా 67 భాషలో క్లాసు, ఉపక్లాసు అనే విభజన మొదట కనిపిస్తుంది. 1970వ దశకంలో జిరాక్స్ పార్క్ పరిశోధకులు స్మాల్‌టాక్ ద్వారా ఈ భావనను కిటికీలు, మెనూలు గల తెరకు అన్వయించారు.

1985లో విడుదలైన విండోస్‌కు ప్రోగ్రాములు ప్రధానంగా సి భాషలో రాసేవారు. ఆ భాషలో వారసత్వం లేదు. అందువల్ల కంట్రోల్‌కు వచ్చే సందేశాలను అందుకొనే ఫంక్షన్ స్థానంలో ప్రోగ్రామర్ తన ఫంక్షన్‌ను ఉంచి, కావలసిన సందేశాలను తాను పరిష్కరించి, మిగిలినవాటిని పాత ఫంక్షన్‌కు అప్పగించేవాడు. దీనికే సబ్‌క్లాసింగ్ అని పేరు. వారసత్వం చేసే పనిని ఇక్కడ ప్రోగ్రామర్ చేతితో చేసుకొన్నాడని చెప్పవచ్చు.

3. డెల్ఫీ, విండోస్ ఫారమ్స్

1991లో వచ్చిన విజువల్ బేసిక్ కంట్రోళ్లను మౌస్‌తో ఫారంపై అమర్చే సౌలభ్యం కల్పించింది. అయితే ఒక క్లాసు కోడును మరొక క్లాసు స్వీకరించే వారసత్వం ఆ భాషకు 2002లో డాట్ నెట్‌తోనే లభించింది. బోర్లాండ్ 1995లో విడుదల చేసిన డెల్ఫీలో ఈ రెండు గుణాలూ కలిసి వచ్చాయి. అందులో టీఎడిట్‌కు మూలంగా టీకస్టమ్‌ఎడిట్ అనే క్లాసు ఉంది. దాని ప్రాపర్టీలలో చాలావాటిని బయటకు చూపకుండా ఉంచి, వేటిని ప్రకటించాలన్న నిర్ణయాన్ని ఉత్పన్న క్లాసుకే వదిలారు. వారసులు వస్తారని ముందే ఊహించి చేసిన ఏర్పాటు ఇది.

డెల్ఫీ ప్రధాన రూపశిల్పి ఆండర్స్ హేల్స్‌బర్గ్ 1996లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, తరువాత సి షార్ప్ భాష రూపకల్పనకు నాయకత్వం వహించాడు. 2002 నాటి విండోస్ ఫారమ్స్‌లో అంకెలు మాత్రమే స్వీకరించే టెక్స్ట్‌బాక్స్ కావాలంటే, టెక్స్ట్‌బాక్స్ నుంచి ఒక క్లాసును ఉత్పన్నం చేసి ఆన్‌కీప్రెస్ పద్ధతిని ఓవర్‌రైడ్ చేస్తే కీబోర్డు నుంచి వచ్చే ఇతర అక్షరాలను ఆపవచ్చు. ఒకసారి రాసిన ఆ నియమం ప్రతి ఫారంలోనూ పనిచేస్తుంది.

4. మూల క్లాసు విధించే పరిమితులు

ఉత్పన్న క్లాసుకు మూల క్లాసు గుణాలతో పాటు దాని నిర్ణయాలు కూడా సంక్రమిస్తాయి. విండోస్ ఫారమ్స్ టెక్స్ట్‌బాక్స్ లోపల పాత విండోస్ ఎడిట్ కంట్రోలే ఉంది. తనను తాను గీసుకొనేది అదే. కాబట్టి ఆన్‌పెయింట్‌ను ఓవర్‌రైడ్ చేసినా, సాధారణ స్థితిలో ఆ కోడు అమలు కాదు. 2006 నాటి డబ్ల్యుపీఎఫ్ కంట్రోల్ రూపాన్ని ప్రవర్తన నుంచి వేరుచేసి టెంప్లేట్‌కు అప్పగించింది. దీనితో రూపం మార్చడానికి వారసత్వం అవసరం చాలావరకు తగ్గింది.

తెలుగుకు సంబంధించిన ఉదాహరణ మరింత స్పష్టమైనది. టెక్స్ట్‌బాక్స్‌లోని మ్యాక్స్‌లెంగ్త్ యూనికోడ్ సంకేతాలను లెక్కిస్తుంది. పాఠకుడికి ఒకే అక్షరమైన ‘స్త్రీ’లో మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక అచ్చు గుర్తు కలిసి ఆరు సంకేతాలున్నాయి. పరిమితి ఐదైతే ఆ ఒక్క అక్షరమే పూర్తిగా పట్టదు. ఆ పరిమితిని పెంచి, ఆన్‌టెక్స్ట్‌చేంజ్డ్‌ను ఓవర్‌రైడ్ చేసి అక్షరాలను లెక్కించే ఉత్పన్న క్లాసును రాయవచ్చు. కాని అక్షరం అంటే ఏమిటో ప్రోగ్రామరే నిర్వచించుకోవాలి.

5. ముగింపు

సబ్‌క్లాసింగ్ నుంచి విండోస్ ఫారమ్స్ వరకు సాగిన పరిణామం పునరుక్తిని తగ్గించింది. అయితే వారసుడి స్వేచ్ఛ మూల క్లాసు రచయిత తెరిచి ఉంచిన ద్వారాల మేరకే ఉంటుంది. ‘అక్షరం’ వంటి మౌలిక భావన ఆ మూలంలో ఏ భాషను దృష్టిలో పెట్టుకొని నిర్ణయమైందో, దాని ఫలితాన్ని తరువాతి భాషలన్నీ అనుభవిస్తాయి. అందువల్ల తెలుగు ఉపకరణాల నిర్మాణంలో మూల క్లాసుల పరిశీలన భాషాపరిశోధనలోనూ భాగం కావలసి ఉంది.