తక్కెడ దగ్గర ఇద్దరుండాలి

వృత్తి ధర్మం అనగానే మనకు ముందు పనివాడే గుర్తుకొస్తాడు. వేళకు వచ్చాడా, చెప్పిన పని చేశాడా, సరుకు పాడుచేశాడా అని అడుగుతాం. పని ఇచ్చేవాడి ధర్మం ఏమిటని మాత్రం అరుదుగా అడుగుతాం. సోలాపూర్ తూర్పు భాగంలో, కుంఠా నాకా చుట్టుపక్కల పేటల్లో మగ్గాన్ని నమ్ముకొని బతికిన మన తెలుగువాళ్ళ చరిత్రను చూస్తే, అడగవలసింది ఈ రెండో ప్రశ్నేనని తోస్తుంది.

నిజాం రాజ్యంలోని తెలంగాణా జిల్లాల నుంచి పద్మశాలీలు తరతరాలుగా ఈ ఊరికి వలస వచ్చారు. 1860లో సోలాపూర్‌కు రైలు వచ్చింది. 1876–78 నాటి కరవు దక్కన్‌ను పీడిస్తున్న రోజుల్లోనే, 1877లో, సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు మొదలయింది. తర్వాత మరికొన్ని మిల్లులు రావడంతో ఇదే 'జూనీ మిల్లు', అంటే పాత మిల్లు, అయింది. మనవాళ్ళలో కొందరు మిల్లుల్లో చేరారు. చాలామంది చేమగ్గాల కార్ఖానాల్లో కుదురుకున్నారు.

ఈ కార్ఖానాల్లో పనిచేసే నేతగాణ్ణి 'అసామి' అనేవారు. మగ్గం యజమానిది, నూలు యజమానిది, కొట్టం కూడా యజమానిదే. అసామికి చీరకింత అని కూలి. పెళ్ళికో జబ్బుకో ముందుగా తీసుకున్న సొమ్ము 'బాకీ'గా పద్దులో ఉండేది. అది తీరేదాకా ఇంకో కార్ఖానాకు పోవడం కష్టం. కొత్త యజమాని ఆ బాకీ కడితేనే మగ్గం మారేది. 1947లో పూనాలోని గోఖలే సంస్థ ప్రచురించిన ఆర్.జి. కాకడే సర్వే ప్రత్యేకించి సోలాపూర్ నేత కులాల జీవనం గురించే. మన తాతల కాలం ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునేవారు దాన్ని తప్పక చూడాలి.

ఇటువంటి ఏర్పాటులో మోసానికి రెండు వైపులా చోటుంటుంది. నూలు తూచి ఇచ్చి, బట్ట తూచి తీసుకునే చోట నేతగాడు గంజి ఎక్కువ పట్టించి బరువు పెంచవచ్చు, కొంత నూలు మిగుల్చుకోవచ్చు. యజమాని కూడా తూకంలో తగ్గించవచ్చు, లేని లోపం చూపి కూలి కోయవచ్చు. తేడా ఒక్కటే. నేతగాడి తప్పు తక్కెడలో బయటపడుతుంది. యజమాని తప్పును పట్టే తక్కెడ లేదు, ఎందుకంటే తక్కెడా పద్దు పుస్తకమూ రెండూ ఆయన దగ్గరే ఉంటాయి.

ఇది తెలుగు కూలివాడికీ పరాయి భాషలో లెక్క రాసే యజమానికీ మధ్య వచ్చిన చిక్కు మాత్రమే అనుకుంటే పొరపాటు. చేమగ్గాల కార్ఖానాదారుల్లో ఎక్కువమంది మన పద్మశాలీలే. ఒకరినొకరు మామా, బావా, అన్నా అని పిలుచుకునేవారే. ఇంత దగ్గరితనం వల్ల ఆపదలో అప్పు పుట్టింది, పిల్ల పెళ్ళి జరిగింది. అదంతా నిజమే. అయితే ఆ దగ్గరితనమే ఒక నోటికి తాళం కూడా వేసింది. 'మామా, నా బాకీ ఎంతుందో రాసి చూపించు' అంటే మామను నమ్మలేదని అర్థం వచ్చేది. లెక్క అడగడం తప్పయిన చోట లెక్క తప్పడం సులువు.

మిల్లుల్లో బంధుత్వపు మొహమాటం లేదు, జుల్మానా ఉంది. ఆలస్యమైతే కోత, పోగు తప్పితే కోత. చెడిన బట్టను నేతగాడికే అంటగట్టి దాని ఖరీదు జీతంలోంచి పట్టుకోవడం మనదేశపు బట్టల మిల్లుల్లో వాడుకలో ఉండేది. 1929–31లో విచారణ జరిపిన రాయల్ కమిషన్ ఆన్ లేబర్ ఈ జుల్మానాల సంగతి కూడా పరిశీలించింది. దాని తర్వాత 1936లో జీతాల చెల్లింపు చట్టం వచ్చింది. దాని ప్రకారం ఏయే తప్పులకు జుల్మానా వేస్తారో ముందే జాబితా రాసి గోడకు పెట్టాలి. పనివాడి సంజాయిషీ వినాలి. రూపాయికి అర్ధణా మించకూడదు. వసూలైన సొమ్ము రిజిస్టరులో చూపి పనివాళ్ళ మేలుకే ఖర్చు చేయాలి. అంటే పనివాడి తప్పు యజమానికి లాభం కాకూడదన్నమాట. మొత్తం మీద ఇది ఎంతో పెద్ద నీతి.

ఆ చట్టంలోనే మనలాంటి భాషా అల్పసంఖ్యాకులు గుర్తుంచుకోవలసిన మాట ఒకటుంది. చట్టంలోని ముఖ్యాంశాలను ఇంగ్లీషులోనూ, ఆ ఫ్యాక్టరీలో ఎక్కువమంది పనివాళ్ళ భాషలోనూ రాసి అంటించాలి. రాష్ట్ర భాష అనలేదు, పనివాళ్ళ భాష అంది. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న ఫ్యాక్టరీ మహారాష్ట్రలో ఉన్నా సరే, ఆ చట్టం అమలులో ఉన్నన్నాళ్ళూ అక్కడి గోడ మీద తెలుగు అక్షరం ఉండటం దయాధర్మం కాదు, చట్టం. చేమగ్గాల కార్ఖానాలు చాలావరకు ఈ చట్టం పరిధికి వెలుపలే ఉండిపోయాయన్నది వేరే సంగతి.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండు బొగ్గు గనుల్లో తవ్విన బొగ్గు బరువును బట్టి కూలి ఇచ్చేవారు. తూచేది యజమాని మనిషి. తూకంలో అన్యాయం జరుగుతోందని కార్మికులు గొడవపడి, చివరికి 1860 నాటి చట్టంలో ఒక హక్కు సంపాదించారు. తక్కెడ దగ్గర తమ తరఫున కూడా ఒక మనిషిని నిలబెట్టుకోవచ్చు. యజమాని మనిషి దొంగ అని ఎవరూ రుజువు చేయనక్కరలేదు. ఇద్దరుంటే చాలు.

ఇక పై మెట్టు మీద ఉన్నవారి తప్పును తూచిన సందర్భం కూడా మన ఊళ్ళోనే జరిగింది. కామర్సు, న్యాయశాస్త్రం చదివినవారికి ఈ కేసు పరిచయమే. అది మన జూనీ మిల్లు కథ అన్న సంగతి మాత్రం ఊళ్ళో ఈ తరం పిల్లల్లో చాలామందికి తెలియదు. 1949 ఆగస్టు 27న మిల్లు మూతపడింది. వేలాది కుటుంబాలకు కూడు పోయింది. 1950 జనవరి 9న కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి మిల్లు నిర్వహణను తన చేతికి తీసుకుంది. పాత డైరెక్టర్లు, మేనేజింగ్ ఏజెంట్లు తప్పుకోవలసి వచ్చింది. నిర్వహణ లోపం వల్ల ఉత్పత్తి దెబ్బతిన్నదని, నిరుద్యోగం ఏర్పడిందని ఆర్డినెన్సు పీఠికలోనే రాశారు. పోగు తెగితే నేతగాడికి జుల్మానా వేసిన చోట, మిల్లే ఆగితే నడిపినవారిని జవాబు అడిగారు.

ఆ ఏడాదే ఆర్డినెన్సు స్థానంలో చట్టం వచ్చింది. ఒక వాటాదారు సుప్రీంకోర్టుకు వెళితే 1950 డిసెంబరులో ముగ్గురు న్యాయమూర్తులు చట్టం వైపు, ఇద్దరు దానికి వ్యతిరేకంగా నిలిచారు. మరో వాటాదారు వేసిన దావాలో 1953 డిసెంబరులో అదే కోర్టు, పరిహారం లేకుండా కంపెనీ ఆస్తిని తీసుకున్నట్టే అయిందని చట్టం చెల్లదంది. 1955లో నాలుగో రాజ్యాంగ సవరణ ద్వారా, ప్రజాహితం కోసం ఒక ఆస్తి నిర్వహణను పరిమిత కాలానికి ప్రభుత్వం చేపట్టడానికి రాజ్యాంగంలోనే చోటు కల్పించారు. మేనేజింగ్ ఏజెన్సీ పద్ధతి 1970 ఏప్రిల్‌లో దేశమంతటా రద్దయింది. జూనీ మిల్లు మాత్రం నిలవలేదు. వాటాదారుకు కోర్టులో మాట్లాడే హక్కు దొరికింది గాని, మిల్లు లోపలి లెక్క చూసే హక్కు నేతగాడికి ఆనాడూ లేదు.

మగ్గం కూలి చాలని ఇళ్ళల్లో ఆడవాళ్ళు బీడీలు చుట్టారు, ఇప్పటికీ చుడుతున్నారు. ఇక్కడా అదే తక్కెడ. కంపెనీ తునికాకు, తంబాకు ఇస్తుంది. వెయ్యి బీడీలకింత అని కూలి. ఆకు పాడైనదైతే తక్కువ పడ్డ ఆకు ఆమె కొనుక్కోవాలి. చెక్కర్ 'ఛాట్' అని తీసేసిన బీడీలకు కూలి ఉండదు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ముడిసరుకు మీద, తిరస్కరించిన బీడీల మీద, వాటి కూలి మీద వచ్చే తగాదాలను ఒక అధికారి తేల్చే వీలు కల్పించింది. ఇంటి దగ్గర చుట్టేవాళ్ళు మా ఉద్యోగులు కారు, ప్రావిడెంట్ ఫండ్ ఇవ్వం అని యజమానులు వాదిస్తే, 1985లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. సరుకును తిరస్కరించే అధికారం ఉండటమే ఆ పని మీద అదుపు ఉన్నట్టు రుజువని చెప్పింది. ఛాట్ తీసే చెయ్యే ఆ ఆడమనిషిని ఉద్యోగిని చేసింది.

బ్యాంకులో ముప్పయ్యేళ్ళుగా పనిచేస్తున్నాను. మా స్ట్రాంగ్‌రూముకు రెండు తాళంచెవులు, అవి ఇద్దరి దగ్గర ఉంటాయి. ఒకరు రాసిన వోచరును ఇంకొకరు సరిచూడాలి. ఎన్నాళ్ళ స్నేహమైనా, రెండో చెవి లేకుండా తలుపు తెరవమని ఎవరూ అడగరు. అందులో అవమానమేమీ లేదు. సొమ్ము తగ్గితే నిర్దోషిని కాపాడేది ఆ రెండో చెవే. నిజాయితీపరుడైన కార్ఖానాదారుకు రెండో పుస్తకం కూడా అలాంటిదే. అసామి చేతిలో నకలుంటే రేపు ఆయన మీద నింద వేయడం ఎవరితరమూ కాదు.

ఇప్పుడు చట్టాల పేర్లు మారాయి. 1936, 1966 చట్టాలు కొత్త కార్మిక కోడ్‌లలో కలిసిపోయాయి. ఆ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. జుల్మానా జీతంలో నూటికి మూడు మించకూడదన్న హద్దు మాత్రం నిలిచింది. మన దుప్పటికి 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరుకు బయటివాళ్ళు నకిలీలు చేస్తే మనకు కోపం వస్తుంది, న్యాయమే. కానీ దుప్పటి నేసినవాడి కూలి పద్దు కూడా అంతే అసలుదై ఉండాలి కదా.

మన ఇళ్ళల్లో పదో తరగతి చదివే పిల్లలున్నారు. వారంవారం అమ్మ బీడీ పుస్తకం, నాన్న కూలి చీటీ ఆ పిల్లలు చదివి చెప్పాలి. మన సంఘాలు సన్మానాలతోపాటు ఒక చిన్న పని చేయవచ్చు. కూలి రేటు, కోతలు, బాకీ మూడూ తెలుగులోనూ మరాఠీలోనూ ఉండే ఒక చీటీ నమూనా అచ్చువేసి కార్ఖానాలకు పంచవచ్చు. దాన్ని ముందుగా మన మామలు, బావలే తమ కార్ఖానాల్లో వాడి చూపిస్తే, మిగతావాళ్ళను అడగడానికి మనకు ముఖం చెల్లుతుంది.